లైట్‌హౌసు సంబంధం

మా ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్ళయినా మా మామ్మ వెళ్ళి ఇల్లు చూసొచ్చాకే ఖాయమయ్యేది. మామ్మ అంటే మా నాన్న తల్లి. పెళ్ళికొడుకుని చూడ్డం, జీతం కనుక్కోవడం, చుట్టరికాలు తవ్వడం మగవాళ్ళ పనులు. వాటి జోలికి ఆవిడ పోయేది కాదు. అవన్నీ అయ్యాక తెల్లచీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని వెళ్ళి పెళ్ళికొడుకు ఇల్లు చూసొచ్చేది. "మొగుడి మొహం ఏడాది చూస్తావు, వంటింటి మొహం జన్మంతా చూడాలి" అనేది. తిరిగొచ్చి వీధి అరుగు మీద కూచుని మంచినీళ్ళడిగితే సంబంధం కుదిరినట్టు. మజ్జిగ అడిగితే కడుపు మండిందని అర్థం, ఇక ఆ ఇంటి ఊసు ఎవరూ ఎత్తకూడదు.

నాకొచ్చిన మొదటి మూడు సంబంధాలూ మజ్జిగలోనే పోయాయి. కొత్తపేట వాళ్ళ వంటింటికి కిటికీ లేదు. అమలాపురం వాళ్ళింట్లో ఆవకాయ జాడీకి తాళం వేసి ఉంది. "ఊరగాయకి తాళం వేసే అత్తగారు అన్నం దగ్గర కర్ర పట్టుకుని కూచోదా?" అంది మామ్మ. మూడో ఇంట్లో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అదే వంకయింది. "మనం వస్తున్నామని అంతా సర్దిపెట్టేరు. సర్దక ముందు ఎలా ఉంటుందో మనకేం తెలుసు?" అంది. ఆ అబ్బాయి మీద నాకు పెద్ద ఆశలేమీ లేవు గాని, ఆ ఇంటి మీద మాత్రం జాలేసింది.

ఇవన్నీ డెబ్బైల మొదట్లో సంగతులు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. టీచరు ట్రైనింగు అయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. గుడికి, అంటే మా చర్చికి, వెళ్తే ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ నా మొహం కేసి చూసి "ఇంకా కుదరలేదామ్మా?" అని అడిగేవారు. అలా ఉండగా నాలుగో సంబంధం తెచ్చింది మా ఊరి కాంపౌండరు గారు. ఆయన సైకిలు మీద ఊళ్ళు తిరుగుతూ ఇంజక్షన్లు చేసేవాడు. సూది గుచ్చేటప్పుడు నెప్పి తెలియకుండా ఉండటానికి సంబంధాల కబుర్లు చెప్పేవాడు. అలా ఆయన మూలంగా పదిహేను పెళ్ళిళ్ళు జరిగాయని చెప్పుకునేవారు. జ్వరాలు ఎన్ని తగ్గాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"కుర్రాడు గవర్నమెంటు ఉద్యోగస్తుడండి. రాజోలు అవతల, సముద్రపొడ్డున లైట్‌హౌసులో పనండి. మన ప్రార్థన ఉన్న కుర్రాడేనండి. ఉండేది మేడండి. ఆ చుట్టుపక్కల అంత ఎత్తు మేడ ఇంకోటి లేదండి" అన్నాడు కాంపౌండరు గారు. ఆ మేడ మాట మామ్మ చెవిన పడింది. మేడ ఉన్న సంబంధం మా వంశంలో అంతవరకూ రాలేదు.

ఆ కుర్రాడు నన్ను చూసుకోవడానికి ఒక ఆదివారం ఒక్కడూ వచ్చాడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు, హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. మా అమ్మ గారెలు వడ్డిస్తుంటే చాలు అనడం తెలియక పదకొండు తిన్నాడు. మా వైపు మూడోసారి వడ్డించబోయేటప్పుడు చేయి అడ్డం పెట్టాలి, అయినా వడ్డిస్తారు, అప్పుడు ఆకు మీదకి వంగిపోవాలి. ఈ సూక్ష్మాలు హాస్టల్లో ఎవరు నేర్పుతారు? పన్నెండోది కూడా తినేవాడే, పిండి అయిపోయింది. కాఫీ తాగాక ఎవరూ చెప్పకుండానే గ్లాసు పట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళి, బూడిదతో తోమి, కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చాడు.

మా బాబాయికి తల కొట్టేసినంత పనయింది. "మనం చూస్తున్నది పెళ్ళికొడుకునా, పాలేరునా?" అన్నాడు. నేను తలుపు సందులోంచి అంతా చూస్తున్నాను. మా నాన్న, మా బాబాయి, మా ఊళ్ళో ఏ మగాడూ తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ క్షణంలో నిర్ణయించేసుకున్నాను. చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలి. అయితే నా నిర్ణయం ఎవరికి కావాలి? నన్నెవరూ అడగరు, నేనెవరికీ చెప్పలేను. ఇక మిగిలింది మామ్మ వెళ్ళి ఇల్లు చూడ్డమే.

అక్కడొక చిక్కు వచ్చిపడింది. ఆ ఏడాది మామ్మ రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, మనిషి నీడలా కనపడతాడు, అంతే. శుక్లాలు ముదిరితేగాని ఆపరేషను కుదరదన్నారు డాక్టరు గారు. పనసకాయ మగ్గేదాకా ఆగినట్టు మేమందరం మామ్మ కళ్ళు ముదిరేదాకా ఆగుతున్నాం. కళ్ళు కనపడకపోయినా ఇల్లు చూసే అధికారం మాత్రం ఆవిడ వదులుకోలేదు. "నేను వస్తాను. అమ్మడు నా పక్కన ఉండి ఎలా ఉందో చెబుతుంది" అంది. అమ్మడు అంటే నేనే.

పెళ్ళికూతురు పెళ్ళికి ముందే మొగుడి గడప తొక్కడమా అని ఇంట్లో రెండు రోజులు రగడ జరిగింది. చివరికి బాబాయే ఒక దారి తీశాడు. "నువ్వు మామ్మ కళ్ళుగా వస్తున్నావు, పెళ్ళికూతురుగా కాదు. కళ్ళు ఎలా ఉంటాయి? చూస్తాయి, మాట్టాడవు. ఆ కుర్రాడితో ఒక్క మాట మాట్టాడినా పడవలో వెనక్కి పంపించేస్తాను" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. నా పెళ్ళిచూపులకి మామ్మ తరఫున నేనే వెళ్తున్నానన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టినట్టు లేదు.

మామ్మ, నాన్న, బాబాయి, కాంపౌండరు గారు, నేను, ఒక సున్నుండల డబ్బా, ఒక చక్కెరకేళీ గెల బయల్దేరాం. బస్సు దిగాక ఎడ్లబండి, బండి దిగాక పడవ, పడవ దిగాక ఇసక. సరుగుడు తోట దాటేసరికి లైట్‌హౌసు కనపడింది. ఎప్పుడో తెల్లదొరల కాలంలో కట్టారట. నలుపూ తెలుపూ పట్టీలతో నిటారుగా నిలబడి ఉంది. దాని పాదం దగ్గర ఒక చిన్న పెంకుటిల్లు. ఆ పెంకుటిల్లే అతని క్వార్టరు. కాంపౌండరు గారు చెప్పిన మేడ ఏదో అప్పుడర్థమైంది నాకు.

పై అధికారి సెలవు మీద ఊరెళ్ళాడట, అతనొక్కడే ఉన్నాడు. మాకు ఎదురొచ్చి "దయచేయండి మామ్మగారండీ, దయచేయండి" అని అందరికీ విడివిడిగా చెప్పి, చివర్లో అలవాటు కొద్దీ అరటిగెలకి కూడా చెప్పేశాడు. ఐదుగురికీ తనే వండాడు. ఇంట్లో రెండే కంచాలుంటే అరిటాకులు తెచ్చి వేశాడు. చేపల పులుసు బాగుంది. అన్నం మాత్రం పలుకుగా ఉంది. మా నాన్న "అన్నం పువ్వులా ఉందండి" అంటూ నాలుగుసార్లు పెట్టించుకున్నాడు. మర్యాద ముందు పళ్ళు లెక్క కాదు మా వాళ్ళకి.

భోజనాలయ్యాక పరీక్ష మొదలైంది. మామ్మ నడవాలో మంచం మీద కూచుని నన్ను పక్కన కూచోబెట్టుకుంది.

"గోడలు ఎలా ఉన్నాయే?"

"తెల్లగా ఉన్నాయి మామ్మా" అన్నాను. ఉప్పుగాలికి గోడలు బిళ్ళలు బిళ్ళలుగా రాలుతున్నాయి. రాలిన బిళ్ళలు కూడా తెల్లగానే ఉన్నాయి కాబట్టి అది అబద్ధం కాదు.

"వంటింటికి కిటికీ ఉందా?"

"ఉంది మామ్మా." దానికి తలుపు లేదు, గోనెపట్టా కట్టి ఉంది.

"వంటిల్లు ఉక్కగా ఉంటుందా?"

"చల్లగా ఉంటుంది." పొయ్యి మీద కప్పుకి నాలుగు పెంకులు లేవు. అక్కణ్ణించి ఆకాశం కనపడుతోంది, కాకి కూడా కనపడుతోంది.

"పెరడు?"

"చాలా పెద్దది మామ్మా" అన్నాను. పెరట్లో ఒక బొప్పాయి చెట్టు, దాని వెనక సముద్రం.

గుమ్మం దగ్గర నిలబడ్డ అతను దగ్గాడు. నేను అటు చూడలేదు. బాబాయి నా కేసే చూస్తున్నాడు.

"సరే, అబ్బాయి ఎలా ఉన్నాడు?" అంది మామ్మ. ఆవిడకి చూపు తగ్గినప్పట్నించీ ఎదుటివాళ్ళకి చెవుడు వచ్చినట్టు గట్టిగా మాట్లాడేది. "నలుపా?"

"చామనఛాయ మామ్మా."

"ముక్కు?"

"ఉంది."

"ఉంటుందిలేవే, ఎలా ఉందీ అని."

ఏ ఆడపిల్లకీ రాకూడదు అలాంటి అవస్థ. కాబోయే మొగుడు మూడడుగుల దూరంలో నిలబడి ఉండగా, తండ్రీ బాబాయీ వింటూ ఉండగా, వాడి ముక్కు గురించి చెప్పాలి. "బానే ఉంది మామ్మా" అన్నాను. అతను ముక్కు తుడుచుకున్నాడు. వెనకటి సంబంధాల పెళ్ళిచూపుల్లో నన్ను తల నించి కాలి దాకా పరీక్ష చేసిన రోజు గుర్తొచ్చి, నాకు లోపల కొంచెం కసి కూడా తీరింది. దాచడం ఎందుకు?

తర్వాత మామ్మ అతన్నే అడిగింది. "నీ పనేమిటి బాబూ?"

"సాయంత్రం దీపం వెలిగించడమండి, పొద్దున్న ఆర్పడమండి."

"మధ్యలో?"

"అది ఆరిపోకుండా చూడ్డమండి."

"మా ఇంట్లో ఆ పని మా చిన్నకోడలు చేస్తుంది. దానికెవరూ జీతం ఇవ్వలేదే" అంది.

"ఆయ్" అన్నాడు అతను, చిత్తం అన్నట్టు. మళ్ళీ "ఆయ్" అన్నాడు.

తిరుగు పడవకి సాయంత్రం పోటు రావాలి. అందాకా కాలవలో నీళ్ళుండవు. కాబట్టి మామ్మ ఒక కునుకు తీసింది. లేచి కాళ్ళూ మొహమూ కడుక్కుని, "ఇంక మేడ చూపించండి" అంది.

కాంపౌండరు గారి మొహం పాలిపోయింది. "మేడంటే... అది ఆఫీసండి మామ్మగారు, ఇల్లు కాదండి" అన్నాడు.

"నువ్వే కదయ్యా మేడలో ఉంటాడన్నావు. ఇల్లంతా చూడకుండా వెళ్తే చూసినట్టేనా?" అంది మామ్మ.

"పైకి రావచ్చండి. కాకపోతే మెట్లు కాస్త ఎక్కువండి మామ్మగారండీ" అన్నాడు అతను.

మామ్మ నా కేసి తిరిగింది. "ఎన్నున్నాయే?"

తలుపు తీసి ఉంది. లోపల మెట్లు గుండ్రంగా తిరుగుతూ కనుచూపు మేర పైకి పోతున్నాయి. నిజం చెబితే ఆవిడ ఎక్కదు. ఎక్కకపోతే ఇల్లు చూడనట్టు. చూడకపోతే మజ్జిగ. "ఓ నలభై ఉంటాయి మామ్మా" అన్నాను.

అతను మొదటిసారి తిన్నగా నా మొహం కేసి చూశాడు. రోజుకి రెండుసార్లు ఆ మెట్లెక్కే మనిషి. అయినా కాదనలేదు. ఆడపిల్ల మాట అబద్ధమని అంతమంది పెద్దల ముందు అనడం మర్యాద కాదనుకున్నాడు.

కాంపౌండరు గారు సున్నుండల డబ్బాకి కాపలా ఉంటానని కిందే ఉండిపోయాడు. బాబాయి డెబ్బయ్యో మెట్టు మీద కళ్ళు తిరుగుతున్నాయని కూచుని, మేం వెనక్కి వచ్చేదాకా అక్కడే గోడ పట్టుకుని ఉన్నాడు. మామ్మ మాత్రం నా భుజం మీద ఒక చెయ్యీ, కర్ర మీద ఒక చెయ్యీ వేసి ఎక్కుతూనే ఉంది. "అయిపోయేయా?" అంటే "ఇంకో పది" అనేదాన్ని. ఆ పది అయ్యాక మళ్ళీ ఇంకో పది. చివరికి ఒక చోట ఆగి ఊపిరి తీసుకుంది.

"నూట పన్నెండు" అంది. "నీ నలభైకి పిల్లలు పుట్టేయే అమ్మడూ."

"లెక్క తప్పేను మామ్మా."

"తప్పలేదు. తప్పించేవు" అంది. కోపంగా ఉందో లేదో నాకు తెలియలేదు. గోడల దగ్గర్నించీ ఆవిడకి అనుమానం వచ్చే ఉంటుంది. అయినా మిగతా మెట్లన్నీ ఎక్కింది. పట్టుదలలో మా వంశంలో ఆవిడ్ని మించినవాళ్ళు లేరు.

పైన ఒక అద్దాల గది. మధ్యలో మనిషెత్తు గాజుబుడ్డి, దాని లోపల దీపం. అప్పటికి ఆ ఊరికి కరెంటు రాలేదు. ఆ దీపం పెట్రోమాక్స్‌కి పెదనాన్న లాంటిది. ముందు స్పిరిట్ పోసి వేడి చెయ్యాలి, తర్వాత కిరసనాయిలుకి గాలి కొట్టాలి, అప్పుడు మాంటిల్ అంటుకుంటుంది. గాజుబుడ్డి తిరగడానికి గోడగడియారానికి కీ ఇచ్చినట్టు ఒక పెద్ద హ్యాండిల్ తిప్పాలి. సూర్యుడు దిగేసరికి దీపం వెలిగి తీరాలట. నిమిషం ఆలస్యమైనా పుస్తకంలో రాయాలట. అతను ఇదంతా మా నాన్నకి చెబుతూ మధ్య మధ్యలో పడమటి కేసి చూస్తున్నాడు. పడమట సూర్యుడు కొబ్బరితోటల నెత్తి మీదకి వచ్చేశాడు.

మామ్మని ఒక స్టూలు మీద కూచోబెట్టాం. ఆవిడ కొంగు నెత్తి మీదకి లాక్కుంది. "ఇంతదూరం క్షేమంగా వచ్చేం. ప్రార్థన చేసుకుందాం" అంది.

నేను సూర్యుడి కేసి చూశాను. మామ్మ ప్రార్థన గురించి కొంచెం చెప్పాలి. అది భూమి పుట్టిన రోజు దగ్గర మొదలయ్యేది. అక్కణ్ణించి వానలు, పంటలు, కొడుకులు, కోడళ్ళు, మనవలు, ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళు పేరుపేరునా, గవర్నమెంటు, ఆఖర్న మా పెరట్లో కోళ్ళు. కోళ్ళు వస్తే ఆమెన్ దగ్గరపడ్డట్టు. ఎంతసేపైనా మధ్యలో ఒక్కరూ కన్ను తెరవకూడదు, కాలు కదపకూడదు. ఒక క్రిస్మస్ నాడు ప్రార్థన జరుగుతుండగా వంటింట్లో మాంసం మాడిపోతోంది. ఇరవైమందిమి ఆ వాసన పీలుస్తూ కళ్ళు మూసుకుని నిలబడ్డాం గాని ఒక్కరూ లేవలేదు. తర్వాత ఆ మాడు కూర తింటూ కమ్మగా ఉందని కూడా అన్నాం. పాస్టరు గారంతటివాడు కూడా మామ్మ ప్రార్థనకి అడ్డు చెప్పి ఎరగడు.

ప్రార్థన మొదలైంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. వానల దాకా ఓపిక పట్టాను. పంటల దగ్గర ఒక కన్ను తెరిచాను. అతను అగ్గిపెట్టె పట్టుకుని, తలొంచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. మామ్మ కొడుకుల దగ్గరికి వచ్చింది. అతను ఒక కన్ను తెరిచి సూర్యుడి కేసి చూశాడు. తర్వాత నా కేసి చూశాడు. అంతమంది కాపలా మధ్య మేమిద్దరం మొదటిసారి కళ్ళు కలిపి చూసుకున్నది అప్పుడే, అదీ చెరో కంటితో.

ఆగు, ఒక్క పావుగంట ఆగు అని మనసులో బతిమాలాను. ఒక్కరోజు దీపం ఆలస్యమైతే సముద్రం ఎండిపోదు. నువ్వు కదిలితే మాత్రం నా పెళ్ళి పోతుంది. మామ్మ ఈ ఒక్కసారికి కోళ్ళని వదిలెయ్యాలని నేను కూడా ప్రార్థన చేశాను. దేవుడు ఎవరి ప్రార్థన వినాలో తెలియక తికమక పడి ఉంటాడు. మామ్మ ఇంకా మనవల్లో ఉంది. మాకు మనవలు ఎక్కువ.

సూర్యుడు సగం దిగాడు. అతను కదిలాడు.

చెప్పులు విడిచి, పిల్లిలా నడిచి వెళ్ళాడు పాపం. కాని అగ్గిపుల్ల గియ్యడం పిల్లిలా ఎవరికి వీలవుతుంది? మొదటిది విరిగింది. రెండోది విరిగింది. మూడోదీ విరిగింది. నాలుగోది వెలిగింది. స్పిరిట్ భగ్గుమంది. తర్వాత గాలి కొట్టడం మొదలెట్టాడు, కుస్ కుస్ కుస్ అని. మామ్మ పక్కింటావిడ మోకాలి నెప్పి దగ్గర ఉంది. "ప్రభువా, ఆవిడ మోకాలు..." కుస్ కుస్. "ఆవిడ కుడి మోకాలు..." కుస్ కుస్. తర్వాత హ్యాండిల్ కటకటా తిప్పాడు. బండి చక్రం రాళ్ళ మీద దొర్లినంత చప్పుడు.

మామ్మ ఆగిపోయింది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నించీ ఆవిడ ప్రార్థన మధ్యలో ఆగడం అదే మొదలు. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు గాని కనుబొమలు నెత్తి మీదకి పోయాయి.

"క్షమించాలండి మామ్మగారండీ. సూర్యుడు దిగిపోయేడండి" అన్నాడు అతను. గాలి కొట్టడం మాత్రం ఆపలేదు.

"ఆమెన్" అంది మామ్మ. గవర్నమెంటు, కోళ్ళు అన్నీ ఉండిపోయాయి.

ఇది చాలదన్నట్టు ఇంకో అపచారం జరిగింది. మా వైపు ఇంటికొచ్చిన చుట్టాన్ని పడవ దాకా సాగనంపాలి. పడవ ఎక్కాక కూడా ఒడ్డున నిలబడి "మళ్ళీ దయచేయండి" అంటూనే ఉండాలి, వినపడనంత దూరం పోయేదాకా. కొత్తగా అంటుకున్న దీపం నిలకడగా ఉందని తేలేదాకా అక్కణ్ణించి కదలకూడదట అతను. "కిందకి రాలేనండి, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఎలా అనుకోరు? మేం ఇసకలో పడవ కేసి నడుస్తుంటే పైన చుట్టూ ఉన్న వరండాలోకి వచ్చి చేతులెత్తి ఏదో అరిచాడు. మళ్ళీ రండి అనే అయి ఉంటుంది. గాలికి ఒక్క ముక్కా వినపడలేదు.

పడవ కదలగానే బాబాయి మొదలెట్టాడు. డెబ్బయ్యో మెట్టు మీద పోయిన ఊపిరి అప్పటికి తిరిగొచ్చింది. "ఇంక చెప్పుకోడానికేముంది అన్నయ్యా. పెద్దావిడ ప్రార్థనలో ఉంటే స్టవ్వు వెలిగించుకున్నాడు. సాగనంపడానికైనా దిగిరాలేదు. గ్లాసు తోమినప్పుడే అనుకున్నాను."

"దీపమండి, స్టవ్వు కాదండి" అన్నాడు కాంపౌండరు గారు నీరసంగా.

"మర్యాద తెలియని ఇంటికి పిల్లనెలా ఇస్తాం?" అన్నాడు నాన్న. మా నాన్న మెత్తటి మనిషి. ఆయన ఆ మాటన్నాడంటే అయిపోయినట్టే.

నేను నీళ్ళ కేసి చూస్తూ కూచున్నాను. అతని మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఇన్ని అబద్ధాలాడి, ఇన్ని మెట్లెక్కించి నేను కట్టుకొచ్చినదంతా నాలుగు అగ్గిపుల్లలతో తగలేశాడు. మా వెనక దీపం తిరుగుతోంది. ఆ వెలుగు కాలవ మీంచి, మా పడవ మీంచి, మామ్మ తెల్లచీర మీంచి వెళ్ళిపోయి మళ్ళీ వస్తోంది.

మామ్మ చివరికి నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"అతను లేచి వెళ్ళేటప్పుడు నువ్వు చూసేవా?"

"చూసేను."

"అంటే నువ్వూ కళ్ళు తెరిచేవన్నమాట" అంది. "సరే, తెరిచేవు గదా. ఎలా ఉన్నాడప్పుడు?"

పొద్దుట్నించీ ఆవిడ అడిగినవాటన్నిటికీ ముందే ఆలోచించుకుని జవాబు చెప్పాను. దీనికి నా దగ్గర తయారుగా ఏమీ లేదు. "భయపడిపోయేడు మామ్మా. చేతులు వణికేయి. మూడు పుల్లలు విరగ్గొట్టేడు. నువ్వు తిడతావని అతనికి తెలుసు. సంబంధం పోతుందని కూడా తెలుసు. అయినా వెలిగించేడు" అన్నాను.

తెడ్డు నీళ్ళలో రెండుమూడు సార్లు పడింది.

"నా ప్రార్థనకే ఆగలేదు, రేపు నీ జ్వరానికి ఆగుతాడా?" అంది మామ్మ. "నీకు నొప్పులొస్తున్నా సరే, పొద్దు దిగితే నిన్ను కింద వదిలేసి పైకి పోతాడు. నీకంటే అదే ఎక్కువ అతనికి. ఒక్కరోజు కాదు, రోజూ. ఏడవవా?"

పడవలో నలుగురు మగాళ్ళున్నారు, పడవవాడితో కలిపి. పెళ్ళి గురించి నోరెత్తకూడని దాన్ని, కళ్ళుగా మాత్రమే వచ్చినదాన్ని. బాబాయి నా కేసే చూస్తున్నాడు. నా ఇరవై రెండేళ్ళలో, నాలుగు సంబంధాల్లో, నా గురించి నన్ను ఎవరైనా ఏమైనా అడగడం అదే మొదటిసారి.

"ఏడుస్తాను మామ్మా" అన్నాను. "అయినా నాకు అతనే కావాలి."

నాన్న తల పక్కకి తిప్పేసుకున్నాడు. మామ్మ మాత్రం నా చెయ్యి వదల్లేదు. "ఒరేయ్ అబ్బాయీ, రేపే కబురంపు" అంది నాన్నతో. ఇంటికెళ్ళి మంచినీళ్ళడిగేదాకా కూడా ఆగలేదు ఆవిడ.

నా పెద్దకూతురు సరిగ్గా పొద్దు దిగే వేళకే పుట్టింది. ఆయన పైన గాలి కొడుతున్నాడు. మామ్మ చెప్పినట్టే నేను ఏడ్చాను, గట్టిగా, పైదాకా వినపడేలా, నోటికొచ్చినట్టల్లా తిడుతూ. దీపం నిలబడ్డాక ఆయన ఆ మెట్లన్నీ ఒక్క పరుగులో దిగొచ్చి, ఆయాసంతో మాట రాక, గుమ్మం దగ్గర నేల మీద కూలబడి ఆయన కూడా ఏడ్చాడు.